ఈ పుస్తకంలో పని ఎవరు చేస్తారు?

గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక పాఠకురాలు చేసిన ప్రసంగమిది. సభకు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసి పెడుతున్నాం.

అందరికీ నమస్కారం. మాట్లాడమని కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు, ఇంతమంది రచయితలు ఉండగా నన్ను ఎందుకు పిలుస్తున్నారని అడిగాను. "రచయితలు ప్రతి ఏడూ వస్తున్నారమ్మా, పాఠకులే వేదిక ఎక్కడం లేదు" అన్నారాయన. ఆ మాట నాకు నచ్చింది. పుస్తకం రాసినవాళ్ల మాట వినడానికి సభలు పెడతాం, చదివినవాళ్ల మాట ఎప్పుడు వింటాం? అందుకే వచ్చాను.

ఈరోజు నేను మాట్లాడబోయేది, మన దేశంలో ఇప్పుడు జనం విరివిగా చదువుతున్న నవలల గురించి, ఆత్మకథల గురించి. అన్నీ చదివానని చెప్పను. చదివినవాటి గురించే చెబుతాను. మధ్యలో ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆపండి, నాకు ఇబ్బంది లేదు.

ముందు నా గురించి ఒక్క సంగతి చెప్పాలి, ఎందుకంటే నా చదువు అక్కడి నుంచే వచ్చింది. నేను 32 ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశాను. మొదట్లో ట్రంకు బోర్డు మీద. మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ట్రంక్ కాల్ బుక్ చేసి గంటల తరబడి ఎదురుచూసేవాళ్లు. అవతల బోర్డు ముందు కూర్చుని ఉండేది మేము. టికెట్టు రాయడం, ప్లగ్గు గుచ్చడం, లైను కలపడం, మూడు నిమిషాలు కాగానే "ఇంకా మాట్లాడతారా?" అని అడగడం. రాత్రి డ్యూటీలో కాల్స్ తగ్గినప్పుడు పుస్తకం తెరిచేదాన్ని. ఆ రాత్రుల్లో నాకు ఒక అలవాటు అయింది. ఏ నవల చదువుతున్నా మనసులో ఒక ప్రశ్న మెదిలేది. ఈ పుస్తకంలో పని ఎవరు చేస్తారు?

అంటే ఏమిటి? ఇందులో నాయిక అన్నం తింటుంది కదా, వండింది ఎవరు? నాయకుడు ఆఫీసుకు వెళ్తాడు కదా, వెళ్లి ఏం చేస్తాడు? అతని చొక్కా ఎవరు ఉతికారు? ఆ ఇంటి అద్దె ఎంత, ఎవరు కడుతున్నారు? ప్రతి నవలా కార్మికుల మీదే ఉండాలని నేను అనడం లేదు. రాజుల కథ రాయండి, దెయ్యాల కథ రాయండి, ప్రేమ కథ రాయండి. కానీ మనుషులు బతకడానికి ఏం చేస్తున్నారో రచయిత చూశాడా లేదా? చూసినవాడి వాక్యం వేరుగా ఉంటుంది. చూడనివాడి వాక్యం వేరుగా ఉంటుంది. పది పేజీలు చదివితే మనకు తెలిసిపోతుంది.

జనం చదివే నవలంటే కొందరు పెద్దలకు చిన్నచూపు ఉంది. నాకు లేదు. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'నే తీసుకోండి. ఆ నవలను ఎంతమంది ఎన్నిసార్లు చదివారో మీకు తెలుసు. 1976లో సినిమా కూడా వచ్చింది. అందరూ అందులో నాయకుడు రాజశేఖరం గురించి, అతని కారు గురించి మాట్లాడతారు. నేను మాత్రం జయంతి గురించి మాట్లాడతాను. బామ్మతో కలిసి ఉండే ఒక మామూలు ఇంటి ఆడపిల్ల ఉద్యోగానికి బయలుదేరింది. నలుగురూ ఏమంటారు, జీతం ఎంత, యజమాని ఎలాంటివాడు, ఒక ఆడపిల్ల ఒక్కతే అతని గదిలో కూర్చుని పనిచేస్తే ఊరు ఊరుకుంటుందా? ఆ రోజుల్లో ఉద్యోగానికి వెళ్లాలనుకున్న ప్రతి ఆడపిల్లకూ అవే ప్రశ్నలు. నేను ఎక్స్ఛేంజిలో చేరిన మొదటి వారం మా అమ్మ అడిగినవి కూడా అవే. అందుకే ఆ నవలను ఉత్త కలల కథగా కొట్టిపారేస్తే నేను ఒప్పుకోను. కారు వెనక ఒక ఉద్యోగం ఉంది, ఆ ఉద్యోగం వెనక ఒక భయం ఉంది. ఆవిడ దాన్ని చూశారు.

ఇప్పుడు ఈ కాలానికి వద్దాం. 2004లో చేతన్ భగత్ 'ఫైవ్ పాయింట్ సమ్‌వన్' వచ్చింది. ధర 95 రూపాయలు. ఈ 95 రూపాయల సంగతిని తేలిగ్గా తీసుకోవద్దు. ఇంగ్లిషు నవల అంటే సామాన్యుడి జేబుకు అందనిది అనుకునే రోజుల్లో అది రైల్వే స్టేషన్లో, బస్టాండులో, ఇంజనీరింగ్ కాలేజీ గేటు దగ్గర దొరికింది. తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లలు జీవితంలో మొదటిసారి ఒక ఇంగ్లిషు పుస్తకాన్ని చివరి పేజీదాకా చదివారు. ఇక్కడ ఎవరైనా ఉన్నారా అలాంటివాళ్లు? చేతులెత్తండి. చూశారా, ఆ వెనక వరుసలో నలుగురు. ఆ నలుగురి ఆనందాన్ని ఏ విమర్శకుడూ తీసివేయలేడు. నేనూ తీసివేయను.

మరుసటి ఏడాది, 2005లో, ఆయన కాల్ సెంటర్ మీద నవల రాశారు. 'వన్ నైట్ ఎట్ ది కాల్ సెంటర్'. అది నా చేతికి వచ్చినప్పుడు నాకు కలిగిన ఉత్సాహం ఇంకా గుర్తుంది. ఎందుకంటే అది మా పని! చెవికి హెడ్‌సెట్టు, రాత్రి డ్యూటీ, అవతల ముఖం తెలియని మనిషి, అతని విసుగు, మన ఓర్పు. ఒక్క రాత్రి, ఆరుగురు ఉద్యోగులు. ఢిల్లీ పక్కన గుర్‌గావ్‌లో కూర్చుని అమెరికావాళ్ల ఫోన్లు ఎత్తుతారు. పగలు శ్యామ్, రాత్రి సామ్. పేరు మార్చుకోవాలి, యాస మార్చుకోవాలి. బతుకుతెరువు కోసం పేరు మార్చుకోవడం! ఎంత పెద్ద సంగతి అది. మేము బోర్డు మీద పేరు చెప్పేవాళ్లం కాదు, మాకు నంబరు ఉండేది. గొంతు మాత్రమే మనం. దాని గురించి ఒక భారతీయ రచయిత, అదీ లక్షలమంది చదివే రచయిత రాశాడని తెలిసి ఒక్క కూర్చోవడంలో చదివాను.

సగం దాకా బాగుంది. ఆ విసుగు నిజం, పైవాడి వేధింపు నిజం, ఉద్యోగాలు పోతాయేమోనన్న భయం నిజం. తర్వాత ఏమవుతుంది? దేవుడు ఫోన్ చేస్తాడు. అవును, దేవుడే. చదవనివాళ్లకు చెబుతున్నాను, ఆ నవలలో ఆరుగురికీ దేవుడి దగ్గర నుంచి ఫోన్ వస్తుంది, అక్కడి నుంచి వాళ్ల జీవితాలు మలుపు తిరుగుతాయి. నాకు ఆ చోట గుండె కలుక్కుమంది. దేవుడి మీద నాకు కోపం లేదు. రచయిత మీద కోపం వచ్చింది. పని గురించి అంత దూరం తీసుకువచ్చి, ఆ పని మనిషిని లోపల ఏం చేస్తుందో చెప్పవలసిన చోట ఆయన లేచి వెళ్లిపోయారు. రాత్రి డ్యూటీ చేసే మనిషికి పగటి నిద్ర ఉండదు. పండగ ఉండదు. ఇంటికి వచ్చేసరికి పిల్లలు బడికి వెళ్లిపోయి ఉంటారు. చెవిలో ఆ గుయ్యిమనే శబ్దం ఆదివారం కూడా పోదు. ఇవన్నీ ఎవరు రాస్తారు? రాయగల అవకాశం చేతిలో ఉండి వదిలేశారే అన్నదే నా బాధ.

ఈ మధ్యలో ఒక చిన్న సంగతి. మా మనవరాలు ఒకరోజు రవీందర్ సింగ్ రాసిన 'ఐ టూ హ్యాడ్ ఎ లవ్ స్టోరీ' చదివి ఏడుస్తూ కూర్చుంది. 2008లో వచ్చిన పుస్తకం. "ఇది నిజంగా జరిగిందట అమ్మమ్మా" అంది. రచయిత తన జీవితంలో జరిగిందే నవలగా రాశారు. నేనూ చదివాను. వాక్యాలు పలచగా ఉన్నాయి, ఆ మాట దాని గురించి చెప్పక తప్పదు. కానీ పిల్ల కన్నీళ్లు వాక్యాల కోసం కాదు, "నిజంగా జరిగింది" అన్న ఆ రెండు మాటల కోసం. అప్పుడు నాకు అనిపించింది, మన పాఠకులకు నిజం మీద ఆకలి ఉంది. నవల ఆ ఆకలి తీర్చనప్పుడు వాళ్లు ఆత్మకథ వైపు వెళ్తారు. అటు వెళ్లేముందు పురాణాల సంగతి ఒకటి చెప్పాలి.

2010లో అమీశ్ 'ది ఇమ్మోర్టల్స్ ఆఫ్ మెలూహా' వచ్చింది. శివుడు ఒక మనిషి, టిబెట్ నుంచి వచ్చిన ఒక తెగ నాయకుడు. ఆ తర్వాత పురాణాలను తిరగరాసిన నవలలు వరదలా వచ్చాయి. పురాణాన్ని తిరగరాయడం తెలుగువాళ్లకు కొత్తా? త్రిపురనేని రామస్వామి చౌదరి గారి 'శంబూక వధ' వచ్చి వందేళ్లు దాటింది. రంగనాయకమ్మ గారి 'రామాయణ విషవృక్షం' మీద జరిగిన గొడవ మీరందరూ చూశారు. ఓల్గా గారి 'విముక్త'కు 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మనవాళ్లు పురాణాన్ని తెరిచి అడిగిన ప్రశ్నలు పదునైనవి. కాబట్టి కొత్తదనం చూసి నేను మురిసిపోలేదు. కానీ ఒక విషయంలో ఆ మెలూహా నవలలు నన్ను పట్టుకున్నాయి.

మెలూహాలో మైకా అని ఒక ఏర్పాటు ఉంటుంది. పుట్టిన పిల్లలందరినీ తల్లిదండ్రుల దగ్గర నుంచి తీసుకుని రాజ్యమే పెంచుతుంది. ఎవరు ఎవరి బిడ్డో తెలియదు. పెద్దయ్యాక పరీక్ష పెడతారు. ఆ పరీక్షను బట్టి కులం నిర్ణయిస్తారు. ఆ తర్వాత ఆ కులానికి చెందిన దంపతులకు దత్తత ఇస్తారు. పుట్టుకతో కులం లేదు, యోగ్యతతో ఉంది. వినడానికి ఎంత సమంజసంగా ఉందో చూడండి. ఎంతమంది పిల్లలు నాతో "బాగుంది కదా ఆంటీ, కులం అలా ఉంటే తప్పేముంది?" అన్నారో.

అప్పుడు నా పాత ప్రశ్నే అడిగాను. మెలూహాలో వీధులు ఎవరు ఊడుస్తారు? ఆ అందమైన మురుగు కాలువలను ఎవరు శుభ్రం చేస్తారు? పరీక్షలో తక్కువ మార్కులు వచ్చినవాళ్లా? అంటే పరీక్ష పెట్టినా పైన కొందరు, కింద కొందరు ఉండవలసిందే, కిందివాళ్ల పని కిందిదే. పుట్టుక బదులు పరీక్ష వచ్చింది గానీ మెట్లు అలాగే ఉన్నాయి. ఎంట్రన్సు పరీక్షల ర్యాంకుల మధ్య పెరిగిన మన పిల్లలకు ఆ మెట్లు సహజంగా కనిపించాయి. నాకు భయం వేసింది ఆ సహజత్వం చూసే.

అయితే న్యాయంగా మాట్లాడాలి. అదే రచయిత మూడో భాగంలో, 2013లో వచ్చిన దానిలో, ఒక గొప్ప పని చేశారు. మెలూహావాళ్ల దీర్ఘాయుష్షుకు కారణం సోమరసం. ఆ సోమరసం తయారీలో విష వ్యర్థాలు వస్తాయి. అవి నదిలోకి వెళ్తాయి. ఎక్కడో దూరాన ఆ నీళ్లు తాగిన బ్రంగ ప్రజలకు రోగాలు వస్తాయి. ఒకరి ఆయుష్షుకు మరొకరు చెల్లించే ధర! అది చదివినప్పుడు లేచి నిలబడాలనిపించింది. ఎవరు తాగారు, ఎవరు చచ్చారు అని ఒక ప్రజాదరణ పొందిన నవల లెక్క వేసి చూపించింది. ఇలాంటివి చేయగల రచయిత వీధి ఊడ్చే మనిషిని కూడా చూసి ఉండవలసింది అనే నా ఆశ.

ఎంగిలి, మేర, బుట్ట

ఇప్పుడు ఆత్మకథలు. ఇక్కడ నేను ఎక్కువ సేపు ఉంటాను, మీరు ఓపిక పట్టాలి.

మూడు పుస్తకాల పేర్లు చెబుతాను. కేవలం పేర్లు వినండి. దయా పవార్ మరాఠీలో రాసింది 'బలుతం', 1978. ఓంప్రకాశ్ వాల్మీకి హిందీలో రాసింది 'జూఠన్', 1997. ఊర్మిళా పవార్ మరాఠీలో రాసింది 'ఆయదాన్', 2003. ఈ పేర్లకు అర్థం ఏమిటి? బలుతం అంటే ఊరికి చాకిరీ చేసిన మహర్లనే దళితులకు పంటలో ఇచ్చే వాటా. మన వైపు 'మేర' అంటాం కదా, కళ్లంలో కొలిచి ఇచ్చేది, అది. జూఠన్ అంటే ఎంగిలి. పశువుల కొట్టాలు ఊడ్చినందుకు, పెళ్లిళ్లలో విస్తళ్లు ఎత్తినందుకు దక్కే ఎంగిలి. ఆయదాన్ అంటే వెదురుతో అల్లే బుట్టలూ తట్టలూ. ఊర్మిళ గారి తల్లి బుట్టలు అల్లి ఇల్లు నడిపింది. అమ్మ అల్లికకూ తన రాతకూ చుట్టరికం ఉందని ఆవిడ నమ్మకం.

గమనించారా? మూడు పేర్లూ పని పేర్లే. లేదా కూలి పేర్లే. వాళ్లు తమ జీవితం రాయడానికి కూర్చున్నప్పుడు మొదట గుర్తొచ్చింది తాము ఏం చేశారు, దానికి ఏం ఇచ్చారు అన్నది. నేను అడిగే ప్రశ్నకు ఈ పుస్తకాలు అట్ట మీదే జవాబు చెబుతాయి.

'జూఠన్'లో ఒక దృశ్యం ఉంది. బడికి వెళ్లిన పిల్లవాణ్ని హెడ్మాస్టరు తరగతిలో కూర్చోనివ్వడు. చీపురు ఇచ్చి బడి అంతా, మైదానమంతా ఊడ్పిస్తాడు. ఒక రోజు కాదు, వరుసగా. తోటి పిల్లలు లోపల చదువుకుంటూ ఉంటారు. చివరికి అటుగా వచ్చిన తండ్రి చూస్తాడు, చీపురు లాగి పారేస్తాడు, గొంతెత్తి నిలదీస్తాడు. నేను ఆ పేజీ చదివి పుస్తకం మూసి చాలాసేపు ఉండిపోయాను. మెలూహాలో పరీక్ష పెట్టి కులం ఇస్తారన్నాను కదా. ఇక్కడ చూడండి, పరీక్షకు కూర్చోనివ్వకుండా చేతికి చీపురు ఇచ్చారు. ఈ రెండు పుస్తకాలూ ఒకే అరలో పక్కపక్కన ఉండాలి. మన గ్రంథాలయంలో అలా పెట్టమని కార్యదర్శి గారిని ఇందరి ముందు అడుగుతున్నాను.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. 'బలుతం' 1978లో వస్తే ఇంగ్లిషులోకి జెర్రీ పింటో అనువాదం వచ్చింది 2015లో. ముప్ఫై ఏడేళ్లు! మహారాష్ట్ర మన పక్క రాష్ట్రం. ఆ పుస్తకం గురించి నేను తెలుసుకున్నది ఇంగ్లిషు అనువాదం వచ్చాకే. పక్కింటి మాట మనకు వినపడాలంటే ముందు ఇంగ్లిషు వాకిట్లోకి వెళ్లి రావాలా? ఇప్పుడు అంతర్జాతీయ బుకర్ పురస్కారం 2022లో హిందీ రచయిత్రి గీతాంజలిశ్రీకి వచ్చింది, 2025లో కన్నడ రచయిత్రి బాను ముష్తాక్‌కు వచ్చింది. నాకు చాలా సంతోషం. కానీ బాను ముష్తాక్ దశాబ్దాలుగా రాస్తున్నారు. బహుమతి వచ్చిన మర్నాడు మనం ఆవిడ పేరు వెతుక్కున్నాం.

అలాగని మంచి ప్రయత్నాలు లేవని కాదు. ప్రొఫెసర్ వై.బి. సత్యనారాయణ గారు ఇంగ్లిషులో రాసిన 'మై ఫాదర్ బాలయ్య' 2011లో వచ్చింది. పి. సత్యవతి గారు తెలుగు చేశారు, 'మా నాయన బాలయ్య'. హైదరాబాద్ బుక్ ట్రస్టు వేసింది. చదవనివాళ్లు ఉంటే దయచేసి ఈ వారంలోనే చదవండి. కరీంనగర్ ప్రాంతంలోని వంగపల్లి. నిజాం ఇచ్చిన భూమి ఒక మాదిగ కుటుంబానికి దక్కకుండా దొర లాక్కుంటాడు. బాలయ్య తండ్రి నర్సయ్య ఊరు వదిలి రైల్వేలో చేరతాడు. ఆ ఒక్క ప్రయాణం మూడు తరాలను మార్చింది. రైల్వే క్వార్టర్లు, డ్యూటీలు, బదిలీలు, చాలని జీతంలో పిల్లల చదువులు. రైలు పట్టాల వెంట ఒక కుటుంబం ఎలా లేచిందో అందులో ఉంది. మనం రైల్లో కూర్చుని పల్లీలు తింటూ కిటికీలోంచి చూసిన ఆ చిన్న చిన్న క్వార్టర్లలో ఇంత కథ ఉందని నాకు అంతకుముందు తెలియదు. చెప్పడానికి సిగ్గుపడను, తెలియదు.

బేబీ హాల్దార్ సంగతి కూడా చెప్పాలి. చిన్న వయసులో పెళ్లి, హింస, ముగ్గురు పిల్లలతో ఢిల్లీ దాకా వచ్చి ఇళ్లలో పని. గుర్‌గావ్‌లో ఆవిడ పనిచేసిన ఇంటాయన ప్రబోధ్ కుమార్, రిటైరైన ప్రొఫెసరు, ప్రేమ్‌చంద్ మనవడు. అలమరలో పుస్తకాలు దులుపుతూ ఆవిడ ఆగి ఆగి చూడటం ఆయన గమనించారు. చదవడానికి పుస్తకం ఇచ్చారు, తర్వాత పెన్నూ నోటు పుస్తకమూ ఇచ్చి నీ జీవితం రాయమన్నారు. గిన్నెలు తోమి, వంట చేసి, పిల్లలు పడుకున్నాక ఆవిడ బెంగాలీలో రాశారు. ముందు హిందీలో 'ఆలో ఆంధారి'గా 2002లో అచ్చయింది. ఇందాక చెప్పిన కాల్ సెంటర్ నవల కూడా గుర్‌గావ్‌లోనే కదా జరిగేది. అదే ఊరు, ఇంచుమించు అవే రోజులు. ఆ నవల్లోని పిల్లలు తెల్లవారి ఇంటికి వచ్చి తినే టిఫిను ఏ బేబీ హాల్దారో చేసి ఉంటుంది. ఒక పుస్తకంలో కనిపించని మనిషి ఇంకో పుస్తకం రాసింది.

కాకినాడలో ఇద్దరు

మన దగ్గరికి వద్దాం. రెండు పుస్తకాలు వెంట తెచ్చాను. ఒకటి కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి', 2012. రెండోది గిడ్ల సుజాత గారి 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్', 2017లో అమెరికాలో వచ్చింది. సుజాత గారు న్యూయార్క్ సబ్‌వే రైళ్లలో కండక్టరుగా పనిచేశారు. ఆ పుస్తకానికి కేంద్రం ఆవిడ మేనమామ కె.జి. సత్యమూర్తి, మనకు శివసాగర్‌గా తెలిసిన కవి. 1980లో పీపుల్స్‌వార్ పార్టీ పెట్టినవారిలో ఆయన ఒకరు, కొండపల్లి సీతారామయ్య మరొకరు. ఆ సీతారామయ్య గారి భార్యే కోటేశ్వరమ్మ. ఆయన ఆవిడను వదిలి వెళ్లిపోయారు.

అంటే ఒకే చరిత్ర. పోరాటాలు, అజ్ఞాతవాసాలు, నాయకులు, చీలికలు. చరిత్ర పుస్తకాల్లో ఈ మగవాళ్ల పేర్లు ఉంటాయి. ఈ రెండు పుస్తకాల్లో వాళ్ల ఇళ్లు ఉన్నాయి. కోటేశ్వరమ్మ గారు పసితనంలో వితంతువు అయ్యారు, పునర్వివాహం చేసుకున్నారు, ఉద్యమంలోకి వచ్చారు, పాటలు పాడారు, అజ్ఞాతంలో తిరిగారు. భర్త వెళ్లిపోయాక ముప్ఫై అయిదేళ్లు దాటిన వయసులో హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభలో చేరి చదువుకున్నారు. తర్వాత కాకినాడలో ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్‌గా ఉద్యోగం. కొడుకు పోయాడు, కూతురు పోయింది. తొంభై ఏళ్లు దాటాక ఈ పుస్తకం వచ్చింది. సౌమ్య వి.బి. గారి ఇంగ్లిషు అనువాదం 2015లో వచ్చింది. 2018లో నూరేళ్లు నిండి ఆవిడ వెళ్లిపోయారు.

సుజాత గారి పుస్తకంలో అందరూ సత్యమూర్తి గురించి మాట్లాడతారు. నన్ను పట్టుకున్నది ఆవిడ తల్లి మంజుల. ఎమ్మే చదివిన దళిత స్త్రీ, ఉద్యోగం కోసం ఊళ్లు మారుతూ, పసిపిల్లలను ఒకచోట వదిలి మరొకచోట పాఠాలు చెబుతూ, అత్తింటి మాటలు పడుతూ. ఆ కుటుంబం చివరికి నిలిచింది కూడా కాకినాడలోనే. అన్న విప్లవం కోసం ఊరు దాటుతుంటే, ఆ ఇంట్లో నెల జీతం తెచ్చింది ఈవిడ.

ఒకే ఊళ్లో ఇద్దరు స్త్రీలు, ఒకరు హాస్టలు పిల్లలకు అన్నం పెట్టిస్తూ, ఒకరు కాలేజీలో పాఠం చెబుతూ. ఇద్దరి ఇళ్ల నుంచీ మగవాళ్లు చరిత్రలోకి వెళ్లారు. నేను ఆ మగవాళ్ల త్యాగాన్ని తక్కువ చేయడం లేదు. శివసాగర్ పాటలంటే నాకు ప్రాణం. కానీ నాయకుడు ఇల్లు వదిలితే ఆ ఇల్లు ఏమైందో ఈ ఇద్దరి పుస్తకాలు లేకపోతే మనకు ఎవరు చెప్పేవారు? ఒకటి తెలుగులో, ఒకటి ఇంగ్లిషులో. ఒకటి రెడ్డి కుటుంబం నుంచి, ఒకటి మాల క్రైస్తవ కుటుంబం నుంచి. రెండూ కలిపి చదవండి. విడివిడిగా చదివితే సగమే తెలుస్తుంది.

ఎవరో చీటీ పంపారు. "ప్రముఖుల ఆత్మకథల మీద మీ అభిప్రాయం?" త్వరగా చెబుతాను. ఆటగాళ్లవి, సినిమావాళ్లవి చాలా వస్తున్నాయి, చాలావాటిలో సహ రచయిత చేయి ఉంటుంది. అది తప్పు కాదు. అబ్దుల్ కలాం గారి 'వింగ్స్ ఆఫ్ ఫైర్' కూడా అరుణ్ తివారీతో కలిసి రాసిందే, 1999. వాడ్రేవు చినవీరభద్రుడు గారి తెలుగు అనువాదం 'ఒక విజేత ఆత్మకథ' మన ఇళ్లలో చాలా చోట్ల ఉంది. దాన్ని స్ఫూర్తి కోసం చదువుతారు. నేను వేరే పేజీ కోసం చదువుతాను. యుద్ధకాలంలో రామేశ్వరం దగ్గర రైలు ఆగడం మానేస్తుంది. నడుస్తున్న రైల్లోంచి వార్తాపత్రికల కట్టలు విసురుతారు. బంధువు శంసుద్దీన్‌కు సాయంగా ఈ పిల్లవాడు ఆ కట్టలు పట్టుకుంటాడు. జీవితంలో మొదటి సంపాదన. అలాగే శ్రీహరికోటలో 1979 ఆగస్టులో ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు విఫలం కావడం, ఏ కవాటం దగ్గర ఏం జరిగిందో వెతకడం, 1980 జూలైలో నిలబడటం. చాలామంది ఆ సాంకేతిక పేజీలు దాటవేస్తారు. దాటవేయకండి, పుస్తకం ప్రాణం అక్కడ ఉంది. పని గురించి రాసిన చోట ఏ ప్రముఖుడైనా మనిషిలా కనిపిస్తాడు. సన్మానాల జాబితా మొదలైన చోట నేను పుస్తకం పక్కన పెడతాను.

నవల చేతులెత్తేసిందని ఎవరైనా అనుకుంటారేమో, అది నా మాట కాదు. కన్నడంలో వివేక్ శానభాగ్ 'ఘాచర్ ఘోచర్' చూడండి. చిన్న నవల. బెంగళూరులో ఒక కుటుంబం. తండ్రి టీ పొడి అమ్మే సేల్స్‌మన్. రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని రోజు లెక్కలు సరిచూస్తారు. లెక్క తేలకపోతే ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. తర్వాత చిన్నాన్న మసాలా వ్యాపారం పెడతాడు, డబ్బు వస్తుంది, ఇక ఎవరికీ పని ఉండదు. పని పోయిన ఇంట్లోకి క్రూరత్వం ఎలా వచ్చి కూర్చుంటుందో ఆయన గొంతు పెంచకుండా చూపించారు. మన తెలుగులో సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి 'కొండపొలం'. 2019లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా నవలల పోటీలో బహుమతి వచ్చింది, 2021లో సినిమా అయింది. కరువు కాలంలో కడప జిల్లా గొర్రెల కాపరులు మందలను తోలుకుని నల్లమల ఎక్కుతారు. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రాడు తండ్రితో పాటు వెళ్తాడు. నీళ్ల జాడ కనిపెట్టడం, మంద చుట్టూ రాత్రి కాపలా, పులి వాసన. ఒక్క పేజీ కూడా విసుగు లేదు. జనం చదివారు, జనం చూశారు. పని గురించి రాస్తే అమ్ముడుపోదని ఎవరన్నారు?

నాకిచ్చిన సమయం అయిపోయినట్టుంది, అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. ఒక్క మాట చెప్పి కూర్చుంటాను. ఎక్స్ఛేంజిలో నా పక్క బోర్డు మీద ఇరవై ఏళ్లు కూర్చున్న స్నేహితురాలు ఇవాళ ఈ సభలో ఉంది. పేరు చెప్పవద్దంది. మూడు నెలల క్రితం 'నిర్జన వారధి' ఇచ్చాను. అది చదివి నోటు పుస్తకం కొనుక్కుంది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు తను కొత్తగా చేరిన ఉద్యోగి. లైన్లు తెగిపోయి, కలిసిన ఒకటీ అరా లైన్ల మీద జనం "మా వాళ్లు ఉన్నారా?" అని అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియక ఆ బోర్డు ముందు కూర్చున్న రాత్రుల గురించి రాసింది. నలభై పేజీలు అయ్యాయి. నేను చదివాను. కార్యదర్శి గారు ఒప్పుకున్నారు, వచ్చే నెల రెండో ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు ఈ గదిలోనే తను వాటిలో కొన్ని పేజీలు చదువుతుంది. ముందు వరుసలో నేను ఉంటాను. మీరూ రండి.